మన బొమ్మకు ఏ రంగు వేద్దాం?

(గంగవరం సభలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, తండాల నుంచి, ఎరుకల కాలనీల నుంచి, యానాది పల్లెల నుంచి ఈ పూట కూలి పోగొట్టుకుని మరీ వచ్చిన అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు, ముందు వరుసలో కూర్చుని భోజనాలు ఎప్పుడా అని చూస్తున్న పిల్లలకు నమస్కారం. జై సేవాలాల్.

మేము కామిక్ పుస్తకాల గురించి మాట్లాడతామంటే సంఘం పెద్దలు కొందరు నవ్వారు. పట్టాల గొడవ ఉంది, కుల ధ్రువపత్రాల గొడవ ఉంది, ఏనుగులు తొక్కిన రాగి చేలున్నాయి, ఇన్ని పెట్టుకుని బొమ్మల పుస్తకాలేందప్పా అన్నారు. వాళ్ళు అన్నదీ న్యాయమే. కానీ పోయిన నెలలో జరిగినది ఒకటి చెప్పాలి, అది విన్నాక మీరే నిర్ణయించండి.

ఈ సభ కోసమే పిల్లలకు బొమ్మల పోటీ పెట్టాం. విషయం "నా హీరో". స్పైడర్‌మ్యాన్‌లు చాలామంది వచ్చారు, అది అనుకున్నదే. సేవాలాల్ మహరాజ్‌ను వేసినవాళ్ళున్నారు. కొమురం భీమ్‌ను ఐదారుగురు వేశారు. చేతిలో బల్లెం, తలపాగా, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒళ్ళు మాత్రం అందరిదీ ఒకటే రంగు. క్రేయాన్ల డబ్బాలో ఆ లేత గులాబీ పుల్లను పిల్లలు "స్కిన్ కలర్" అంటారు, మీకు తెలుసు. ఒక పిల్లవాడిని దగ్గరికి పిలిచి అడిగాం, భీమ్ ఇట్లా ఉంటాడా నాయనా అని. వాడు మా ముఖం చూసి, "నల్లగా ఏస్తే దొంగ అనుకుంటారు సార్" అన్నాడు. వాడి చెయ్యి ఆ కాగితం మీదే ఉంది. వాడి చేతి రంగుకూ, వాడు వేసిన చేతి రంగుకూ పోలికే లేదు.

అమెరికాలో క్రేయాన్లు చేసే క్రేయోలా కంపెనీ ఆ రంగుకు పెట్టిన "ఫ్లెష్" అనే పేరును 1962లోనే తీసేసి "పీచ్" అని మార్చింది. మన అంగళ్ళలో మాత్రం అది ఇంకా స్కిన్ కలరే.

ఆ పిల్లవాడిని తప్పుపట్టే పని లేదు. మేము చదువుకున్నదీ అవే బొమ్మలు. 1947 జులైలో మద్రాసులో చందమామ మొదలైంది. మాకు చదవడం నేర్పింది బడి కన్నా ఎక్కువ చందమామే, ఆ రుణం కాదనం. కానీ అందులో రాకుమారుడు అడవిలోకి పోతే మాకు గుండె దడ. ఎందుకంటే అక్కడ ఉండేది మేమే. నల్లటి ఒళ్ళు, ఉంగరాల జుట్టు, తలకు ఈకలు, నడుముకు ఆకులు. రాకుమారుణ్ణి కట్టేసి అమ్మవారికి బలి ఇవ్వబోయేది మేము. చివర్లో లొంగిపోయి దండం పెట్టేదీ మేమే. ఆ పేజీ వస్తే గబగబా తిప్పేసేవాళ్ళం.

అదే 1947లో, ఫిలడెల్ఫియా అనే ఊళ్ళో, ఒరిన్ ఇవాన్స్ అనే నల్లజాతి పత్రికా రచయిత ఒక కామిక్ పుస్తకం వేశాడు. పేరు ఆల్ నీగ్రో కామిక్స్. రాసినవాళ్ళు, గీసినవాళ్ళు అందరూ నల్లవాళ్ళే. డిటెక్టివ్ నల్లవాడు, వీరుడు నల్లవాడు. ఒక్క సంచికే వచ్చింది. రెండోది సిద్ధం చేసుకుంటే అచ్చు వేయడానికి కాగితం అమ్మేవాడు దొరకలేదు. కథ లేక కాదు, బొమ్మ లేక కాదు, కాగితం ఇవ్వక ఆగిపోయింది.

ఆ రోజుల్లో వాళ్ళ పుస్తకాల్లో నల్లవాడి పని ఏమిటంటే, మాంత్రికుడు మాండ్రేక్ పక్కన లోథార్‌లా నిలబడడం. 1934లో మొదలైన కథ అది. లోథార్ పుట్టుకతో రాకుమారుడు, అయినా చిరుతపులి తోలు కట్టుకుని, ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషు మాట్లాడుతూ మాండ్రేక్ వెనకాల నడుస్తాడు. ప్యాంటు చొక్కా తొడుక్కుని సరిగ్గా మాట్లాడటానికి అతనికి 1960లు రావాల్సి వచ్చింది. రెండేళ్ళ తర్వాత, 1936లో, అదే రచయిత లీ ఫాక్ ఫాంటమ్‌ను సృష్టించాడు. 1964 నుంచి ఇంద్రజాల్ కామిక్స్‌లో ఫాంటమ్ మన దేశం పిల్లలందరికీ దేవుడైపోయాడు. అడవి నల్లవాళ్ళది, అడవికి కాపలా మాత్రం తరతరాలుగా ఒక తెల్ల కుటుంబానిది. బాందర్ జాతివాళ్ళు అతని పుర్రె గుహ చుట్టూ విషపు బాణాలు పట్టుకుని కాపు కాస్తారు. అంత గొప్ప విలుకాళ్ళకు వాళ్ళలోంచి ఒక నాయకుడు పుట్టలేదా అని మేము చిన్నప్పుడు అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాం.

1953లో ఇసి కామిక్స్ అనే సంస్థ "జడ్జిమెంట్ డే" అని ఒక చిన్న కథ వేసింది. ఒక గ్రహం మీద అంతా మరమనుషులే. ఆరెంజ్ రంగువాళ్ళు, నీలం రంగువాళ్ళు. లోపల యంత్రం ఒకటే, పైన రేకు రంగే తేడా. అయినా నీలం వాళ్ళకు వేరే పేట, వేరే పని, బస్సులో వెనక సీటు. మన ఊళ్ళల్లో రెండు గ్లాసుల టీకొట్లు తెలిసినవాళ్ళకు వేరే వివరం అక్కర్లేదు. భూమి నుంచి తనిఖీకి వచ్చిన మనిషి అంతా చూసి, మీరు ఇంకా మా కూటమిలో చేరడానికి తగినవాళ్ళు కారని చెప్పి వెళ్ళిపోతాడు. చివరి బొమ్మలో తలకున్న తొడుగు తీస్తాడు. నల్లవాడు. నుదుటి మీద చెమట చుక్కలు నక్షత్రాల్లా మెరుస్తుంటాయి. అంతే కథ.

1956లో దాన్ని మళ్ళీ అచ్చు వేయబోతే, కామిక్స్‌ను తనిఖీ చేసే కోడ్ అధికారి ఆ మనిషి నల్లవాడుగా ఉండకూడదన్నాడు. కథే దాని గురించి కదయ్యా అన్నారు వీళ్ళు. అయితే చెమట చుక్కలైనా తీసేయమన్నాడట. ప్రచురణకర్త గెయిన్స్ ఒప్పుకోలేదు, ఉన్నదున్నట్టు వేసేశాడు. ఆ సంస్థ వేసిన చివరి కామిక్ పుస్తకం అదే.

ఇక బ్లాక్ పాంథర్. సెల్‌ఫోన్లలో ఈ సినిమా చూడని పిల్లలు ఇక్కడ లేరు. 1966లో స్టాన్ లీ, జాక్ కిర్బీ పుట్టించారు. ఆఫ్రికాలో వకాండా అనే ఊహా రాజ్యానికి రాజు, అందరికన్నా గొప్ప యంత్రాలున్నవాడు. ఇక్కడొక తమాషా ఉంది. 1973లో అతనికి పెద్ద కథ ఇచ్చిన పత్రిక పేరు జంగిల్ యాక్షన్. అంతకుముందు అందులో వచ్చినవి తెల్ల వీరులు అడవిని ఏలే పాత కథలు! అద్దె ఇంట్లో అసలు యజమాని దిగినట్టు. బొమ్మలు గీసిన బిల్లీ గ్రహమ్ నల్లవాడు. కానీ ఆ పాత్ర కథను నడిపే కలం ఒక నల్లజాతి రచయిత క్రిస్టఫర్ ప్రీస్ట్ చేతికి వచ్చింది 1998లో. పుట్టిన 32 ఏళ్ళకు. 2018లో సినిమా వచ్చి 130 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది.

మధ్యలో 1993లో డ్వేన్ మెక్‌డఫీ, ఇంకో ముగ్గురు నల్లజాతి మిత్రులు కలిసి మైల్‌స్టోన్ అనే సంస్థ పెట్టారు. అచ్చు, పంపకం పెద్ద కంపెనీ డీసీది. పాత్రల మీద హక్కు వీళ్ళది. ఆ ఒప్పందం చదివినప్పుడు మాకు భూమి పట్టా గుర్తొచ్చింది. చేను మనం దున్నడం వేరు, కాగితం మన పేరున ఉండడం వేరు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. అల్లూరి సీతారామరాజు అంటే మాకు గౌరవం. ఆయన కొండవాళ్ళ కోసం ప్రాణమిచ్చాడు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడినవాళ్ళలో మాత్రం ఎక్కువమంది కొండవాళ్ళే. గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు ముందు నిలబడ్డారు. గంటందొర 1924లో కాల్పుల్లో చనిపోయాడు. మల్లుదొర అండమాన్ జైలు చూసి తిరిగొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. అండమాన్ నుంచి ఢిల్లీ దాకా! కామిక్ పుస్తకానికి ఇంతకన్నా కథ ఏం కావాలి? అయినా బొమ్మల పోటీలో ఆయన్ను ఒక్క పిల్లా, ఒక్క పిల్లవాడూ వేయలేదు. పేరు తెలిస్తే కదా వేయడానికి. మేమూ ఎప్పుడూ చెప్పలేదు, ఆ తప్పు మాది.

ఆర్ఆర్ఆర్ సినిమా 2022లో వచ్చింది, భీమ్ పేరు జపాన్ దాకా పోయింది. సంతోషమే. కానీ చివర్లో భీమ్ రాముణ్ణి చదువు అడుగుతాడు చూడండి, అక్కడ మాకు కలుక్కుమంది. కొమురం భీమ్ ఊరు విడిచి తిరిగిన కాలంలో విఠోబా అనే అచ్చుయంత్రం పెద్దమనిషి దగ్గర పనిచేస్తూ చదవడం, రాయడం నేర్చుకున్నాడని ఆయన చరిత్ర చెప్పేవాళ్ళు చెబుతారు. 1940లో జోడేఘాట్‌లో చనిపోయేనాటికి ఆయన అడిగింది పన్నెండు ఊళ్ళ మీద హక్కు.

2022 ఆగస్టులో కేంద్ర సాంస్కృతిక శాఖ, అమర్ చిత్ర కథ కలిసి 20 మంది గిరిజన స్వాతంత్ర్య వీరుల కథలతో ఒక పుస్తకం తెచ్చాయి. మంచి పని. అలాంటిది తెలుగులో, గోర్‌బోలిలో, ఎరుకల భాషలో మన పిల్లల చేత గీయించి తేవాలని మా సంఘం తీర్మానం చేసింది. ముందు 16 పేజీలు. సేవాలాల్ కథ తెలిసిన పెద్దవాళ్ళు తండాకు ఒకరిద్దరే మిగిలారు, అందుకని రికార్డు చేసే పని వచ్చే ఆదివారమే మొదలు. పుస్తకం హక్కు సంఘం పేరునే ఉంటుంది, గీసిన పిల్లల పేర్లు అట్ట మీదే ఉంటాయి. గోధుమ రంగు క్రేయాన్లు విడిగా నాలుగు డజన్లు పలమనేరులో కొన్నాం. ఆ ఖర్చు లెక్క కోశాధికారికి ఇచ్చేశాం.

పోటీలో మొదటి బహుమతి ఎవరికని ముందు వరుసవాళ్ళు ఇందాకటి నుంచి సైగలు చేస్తున్నారు. ఆరో తరగతి పాప ఒకామె స్పైడర్‌మ్యాన్‌నూ వేయలేదు, భీమ్‌నూ వేయలేదు. వాళ్ళ యాడిని వేసింది. అర్ధరాత్రి, రాగి చేను, కౌండిన్య అడవి నుంచి దిగిన ఏనుగు. ఎదురుగా యాడి, ఫేటియా, కాంచళి కట్టుకుని నిలబడి ఉంది. వెనక నుంచి టార్చి పడి, ఆ అద్దాలన్నీ ఒక్కసారి మెరిస్తే ఏనుగు కళ్ళు మూసుకుని వెనక్కి తిరుగుతోంది. ముఖానికి స్కిన్ కలర్ వేయలేదు. ముందు గోధుమ రంగు రుద్ది, చాలదని పైన కొంచెం నలుపు కలిపింది. ఆ బొమ్మ ఈ సంచిక అట్ట మీద ఉంది. పాప ఇక్కడే ఉంది, రా తల్లీ, వేదిక మీదకు రా.