ఒంటరివాని హక్కు



సకల స్తోత్రాలు సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే. ఆయన ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పై శాంతి, శుభాలు కురియుగాక.

మదీనాలో తూమా ఇబ్నె ఉబైరిఖ్ అనే వ్యక్తి ఒక కవచాన్ని దొంగిలించి, ఆ నేరాన్ని ఒక యూదునిపై నెట్టాడు. తూమా వంశీయులు గుంపుగా దైవప్రవక్త సన్నిధికి వచ్చి తమవాడు నిర్దోషి అని వాదించారు. అప్పుడే నిసా సూరా 105వ ఆయతు మొదలుకొని కొన్ని ఆయతులు అవతరించాయని ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు తెలిపారు. ద్రోహుల పక్షాన వాదించరాదని ఆ ఆయతుల్లో అల్లాహ్ ఆదేశించాడు. అధికారం ముస్లిముల చేతిలో ఉన్న పట్టణంలో, ముస్లిం వంశానికి ఎదురుగా ఒక యూదుడు నిలిచినప్పుడు వచ్చిన తీర్పు ఇది!

మన దేశంలోనూ ఇటువంటి పరీక్ష వచ్చింది. 1985లో కేరళలోని కిడంగూరులో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం వేళ గౌరవంగా లేచి నిలబడేవారు, పాడేవారు కారు. వారి విశ్వాసం అందుకు అంగీకరించదు. ఒక శాసనసభ్యుడు ఈ విషయాన్ని సభలో లేవనెత్తగా, చివరకు పిల్లలను బడి నుండి వెళ్ళగొట్టారు. హైకోర్టు వారి మొర ఆలకించలేదు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకొమ్మని ఆదేశించింది. ఆ తీర్పు వ్రాసిన జస్టిస్ ఓ. చిన్నప్ప రెడ్డి మన తెలుగువారు, హైదరాబాదులోని హైకోర్టు నుండి ఢిల్లీకి వెళ్ళినవారు. ఆ విశ్వాసం తన బుద్ధికి నచ్చిందా అని ఆయన చూడలేదు. పిల్లలు దానిని చిత్తశుద్ధితో నమ్ముతున్నారా అని చూశారు. 25వ అధికరణం కాపాడేది అధిక సంఖ్యాకులు మెచ్చిన విశ్వాసాన్ని మాత్రమే అయితే, దాని అవసరమే ఉండదు కదా!

యెహోవా సాక్షుల విశ్వాసం మనది కాదు. అయినా 2022 అక్టోబరు 13న కర్ణాటక హిజాబ్ వ్యాజ్యంలో ఇద్దరు న్యాయమూర్తులు భిన్నమైన తీర్పులు వెలువరించినప్పుడు, విద్యార్థినుల పక్షాన నిలిచిన జస్టిస్ సుధాంశు ధూలియా ఆ ముగ్గురు పిల్లల కేసునే ఆధారంగా గ్రహించారు. రెండవ న్యాయమూర్తి అందుకు అంగీకరించలేదు. వ్యాజ్యం విస్తృత ధర్మాసనం వైపు మళ్ళింది. రాజ్యాంగంలో హక్కు ఉన్నంత మాత్రాన అది ఇంటికి నడిచి రాదు. దానికి ఓపిక కావాలి, వ్రాతపూర్వకమైన ఫిర్యాదు కావాలి, న్యాయవాది కావాలి. ఆవేశం ఈ పనికి రాదు.

ఈ చంపాపేట్‌లోనే ఒక వీధిలో మనం కొద్దిమందిమి, మరొక అపార్ట్‌మెంట్‌లో ఎక్కువమందిమి. మనం ఎక్కువగా ఉన్నచోట, అక్కడున్న ఒక్క పరాయి కుటుంబం సమావేశంలో నోరు విప్పగలుగుతోందా? జుమా నాడు మన వాహనాలు ఎవరి గుమ్మానికి అడ్డుగా ఉన్నాయి?

ప్రభూ! మావాడు తప్పు చేసినప్పుడు గుంపుగా వెళ్ళి వాదించేవారిలో మమ్మల్ని చేర్చకు. ఆమీన్.