పరువు మోసేది ఎవరు?

(పుస్తక పరిచయ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ నేను 1813లో ఇంగ్లండులో అచ్చయిన ఒక నవల గురించి మాట్లాడతాను. పేరు ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’. రాసింది జేన్ ఆస్టిన్. పుస్తకం మీద మాత్రం అప్పుడు ఆమె పేరు వేయలేదు.

దొరసానుల కథ మనకెందుకు అంటారా? పరువు ఎట్లా తయారవుతుందో, దాన్ని ఎవరి నెత్తిన పెడతారో ఈ నవల విప్పి చూపిస్తుంది. అందుకు.

బెన్నెట్ల ఇంట్లో అయిదుగురు అక్కచెల్లెళ్లు. తండ్రికి భూమి మీద ఏడాదికి 2000 పౌండ్ల రాబడి. కానీ ఆ భూమి మగవారసుడికే దక్కాలని కట్టుబాటు. తండ్రి పోయిన మర్నాడు అదంతా కాలిన్స్ అనే దూరపు చుట్టానికి పోతుంది. ఇక ఆడపిల్లలకు దారేది? పెళ్లి. పెళ్లి కావాలంటే మంచి పేరుండాలి. అంటే భూమేమో మగవాడిది, పరువు కాపలా ఆడదానిది!

ఆఖరి చెల్లెలు లిడియా. పదహారేళ్ల పిల్ల. విక్‌హామ్ అనే సైనికాధికారితో వెళ్లిపోయింది. వాడు పెళ్లి ఊసెత్తకుండా లండన్‌లో దాక్కున్నాడు. ఊళ్లో ఒకటే గుసగుస. ఇక అక్కలను చేసుకునేవాడెవడు అన్న బెంగ. కాలిన్స్ చర్చి పాస్టరు. ఇంతకంటే ఆ పిల్ల చచ్చిపోయినా నయమే అన్న అర్థం వచ్చేట్టు తండ్రికి ఉత్తరం రాశాడు.

అసలు సంగతి ఇక్కడుంది. విక్‌హామ్‌కి ఇది కొత్త కాదు. అంతకుముందే డార్సీ అనే జమీందారు చెల్లెలిని, 15 ఏళ్ల పిల్లని, ఆమె పేర ఉన్న 30,000 పౌండ్ల కోసం లేవదీసుకుపోబోయాడు. చెల్లెలి పేరు చెడుతుందని డార్సీ బయటపెట్టలేదు. తర్వాత ఎలిజబెత్‌కి ఒక్కదానికే ఉత్తరం రాసి చెప్పాడు. ఆమె, పెద్దక్క జేన్ ఆలోచించుకుని, మనకెందుకులే అని ఊరుకున్నారు. వీళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. అయినా ఒక ఇంటి గుట్టు ఇంకో ఇంటికి గొయ్యి అయింది. మోసపోబోయిన పిల్ల పేరు కాపాడటానికి పెద్దలు నోరు మూసుకుంటే, మోసగాడికి కొత్త ఊరు దొరికింది.

మరి పోయిన పరువు ఎట్లా తిరిగొచ్చింది? డబ్బుతో! విక్‌హామ్ అప్పులు వెయ్యి పౌండ్లకు బాగా పైనే. అవి డార్సీ తీర్చాడు. లిడియా పేర ఇంకో వెయ్యి పెట్టాడు. వాడికి సైన్యంలో కొలువు కొనిపెట్టాడు. అప్పుడు గానీ వాడు పెళ్లికి ఒప్పుకోలేదు. ఆ తర్వాత అదే ఇంటికి అల్లుడిగా నవ్వుతూ వచ్చి కూచున్నాడు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ ఇంట్లో వండేవాళ్లు, ఉతికేవాళ్లు నవలలో నీడల్లాగే మసలుతారు. విందుకు ముందు రోజుల్లో ఒకటే వాన. అమ్మాయిలు గడప దాటలేదు. వాళ్ల చెప్పులకు పెట్టుకునే పువ్వుల అలంకారం వేరేవాళ్లు తెచ్చిపెట్టారు. ఆ వానలో తడిసిందెవరో నవల చెప్పదు. 2013లో జో బేకర్ అనే రచయిత్రి ‘లాంగ్‌బోర్న్’ అనే నవలలో అదే ఇంటి కథను పనివాళ్ల వైపు నుంచి రాసింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాల్సినవి.

చదువు రానివాళ్లకు ఈ కథ చెప్పండి. పరువు పోతుంది నోరు మూసుకో అని ఎవరైనా ఆడపిల్లను అంటే అడగండి: ఆ ఇంట్లో భూమి ఎవరి పేర ఉంది? ఈ పిల్ల నోరు మూసుకుంటే బాగుపడేది ఎవడు?