సముద్రం దాటిన బొమ్మలు



పొద్దున పట్టిన చేప సాయంత్రానికి వాసన వేస్తుంది. దాని రంగు అంతకంటే ముందే పోతుంది. మరి వెనకటి రోజుల్లో చైనా చేపను ఇంగ్లండులో ఎలా చూశారు? తెరచాప ఓడకు నెలల తరబడి ప్రయాణం. కెమెరాలు లేవు. అందుకని చేపకు బదులు దాని బొమ్మ వెళ్లింది. ఇవాళ ఆ కథ చెప్పుకుందాం.

మొదట బొమ్మలు పడమటి దేశాల నుంచి చైనాకు వచ్చాయి. యూరప్ నుంచి క్రైస్తవ గురువులు చైనా వెళ్లారు. వారిలో వెర్బీస్ట్ ఒకరు. ఆయన 1674లో బీజింగులో పెద్ద ప్రపంచ పటం అచ్చు వేయించాడు. అందులో సముద్ర జంతువుల బొమ్మలు కూడా ఉన్నాయి.

1698లో నియే హువాంగ్ అనే చైనా చిత్రకారుడు మూడు వందలకు పైగా సముద్రపు జీవులను రంగుల్లో గీశాడు. చేపలు, పీతలు, రొయ్యలు అన్నీ వేశాడు. ఫూజియన్ తీరమంతా తిరిగాడు. అక్కడివాళ్లను అడిగి తెలుసుకున్నాడు. పడమటివాళ్ల పుస్తకాలు కూడా చూశాడు.

తర్వాత బొమ్మలు చైనా నుంచి పడమటికి వెళ్లాయి. 1812లో జాన్ రీవ్స్ అనే ఇంగ్లీషాయన కాంటన్ రేవుకు వచ్చాడు. ఈస్టిండియా కంపెనీలో తేయాకు పరీక్షించే ఉద్యోగం ఆయనది. విదేశీయులు ఆ దేశంలో ఇష్టమొచ్చినట్టు తిరగడానికి వీల్లేదు. అందుకని ఆయన చైనా చిత్రకారులకు డబ్బిచ్చి చేపల బొమ్మలు గీయించాడు. సన్న కుంచెతో పని చేయడంలో వాళ్లు ఆరితేరినవాళ్లు. కానీ శాస్త్రానికి అందం ఒక్కటే చాలదు. రెక్కలు విప్పి కనపడాలి. ముళ్లు ఎన్ని ఉంటే అన్నే వేయాలి. చైనావాళ్ల పనితనం, పడమటివాళ్ల లెక్క ఒకే కాగితం మీద కలిశాయి.

ఆ బొమ్మలు లండన్ చేరాయి. రిచర్డ్‌సన్ అనే శాస్త్రవేత్త వాటిని చూసి చైనా, జపాన్ చేపల గురించి రాశాడు. అది 1846లో అచ్చయింది. కొన్ని చేపలను ఆయన కంటితో చూడనే లేదు. బొమ్మను నమ్మి పేరు పెట్టాడు! ఆ బొమ్మలు ఇప్పటికీ లండన్ మ్యూజియంలో ఉన్నాయి.

ఇలాంటి పని అంతకుముందే మన విశాఖపట్నంలో జరిగింది. అదే కంపెనీలో పనిచేసిన డాక్టర్ రస్సెల్ ఇక్కడి చేపల బొమ్మలు వేయించాడు. మనవాళ్లు పిలిచే పేర్లు అడిగి రాసుకున్నాడు. 1803లో లండన్‌లో రెండు వందల చేపల పుస్తకం వచ్చింది. మనం కానాగంత, కనగర్త అంటామే, ఆ చేప శాస్త్రనామం 'రాస్ట్రెల్లిగర్ కనగుర్త'. మన మాటే అది! ప్రపంచమంతా ఆ చేపను ఆ పేరుతోనే రాస్తుంది.

చేప పేరు నిలిచింది. మరి ఆ పేరు చెప్పిన మత్స్యకారుడు ఎవరు? పుస్తకం మీద రస్సెల్ పేరే ఉంది. కాంటన్ చిత్రకారులలో అకుట్, అకమ్ అని కొందరి పేర్లు రీవ్స్ రాతల్లో మిగిలాయి. అవి కూడా చనువుగా పిలుచుకునే పేర్లే.

తెలివి ఒకరిది, రాత ఇంకొకరిది. రాసినవాడి పేరు నిలిచింది.

ఇప్పుడు మీకూ అక్షరం వచ్చింది. మీకు తెలిసిన చేప, చెట్టు, విత్తనం గురించి రాయండి. వస్తే బొమ్మ వేయండి. ఎవరు చెప్పారో, ఎవరు గీశారో కింద రాయండి. మనం సంతకం నేర్చుకున్నది అప్పు కాగితం కోసమే కాదు గదా!