క్రొత్త కొయ్యకు పాత వన్నె



పాతికేండ్లు నిండిన గ్రంథాలయమున పుస్తకములతోపాటు కొయ్య సామానునకును వయస్సు వచ్చును. బీరువాలో నొక అర చెదకు పోవును. తలుపు అడుగుచట్టము వాన జల్లునకు మెత్తబడును. బల్ల కాలొకటి ఊగులాడును. గ్రామపు వడ్రంగి వచ్చి శ్రద్ధగా క్రొత్త కొయ్యను అతికి పోవును. పనిలో లోపముండదు. కాని నల్లగా మాగిన టేకు నడుమ ఆ క్రొత్త ముక్క పాత పంచెకు వేసిన తెల్లని మాసికవలె దూరమునుండియే కనబడును. అంతట ఎవరో ఒకరు డబ్బాడు రంగు తెచ్చి బీరువా అంతటికిని పూయింతురు. ఆ పూతలో క్రొత్త ముక్క మరుగుపడుట నిజమే. పాత కొయ్య అందము కూడ దానితోనే మరుగుపడును. ఒక్క పలక కొఱకు తక్కిన పలకల నన్నిటిని కప్పివేయుట ఏమి పొదుపు?

ఈ చిక్కునకు ఉపాయము వంటయింటిలోను, కమ్మరి కొలిమి యొద్దను, పచారీ కొట్టులోను ఉన్నది. ఆ ఉపాయమును, దాని మంచి చెడ్డలను తెలుపుటయే ఈ ఉపన్యాసము ఉద్దేశము.

కొయ్య పాతబడుట యనగా నేమి? ఇంటి బయట నుండు కొయ్యకును లోపల నుండు కొయ్యకును ముసలితనము ఒకే రీతిగా రాదు. కొయ్యలో నారపోగుల వంటి సెల్యులోజు కలదు. ఆ పోగులను జిగురువలె పట్టి యుంచు లిగ్నిన్ అను పదార్థమును కలదు. సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణములు ఈ లిగ్నిన్‌ను విఱుగగొట్టును; వాన దానిని కడిగివేయును; మిగిలిన పోగులు బూడిద వన్నెతో పైకి తేలును. ఆరుబయట పడియున్న పాత బండి నొగలు తెల్లబారి గరుకెక్కుట ఇందువలననే. ఈ మార్పు పైపై పొరకే పరిమితము. దేవదారు జాతి మెత్తని కలపలో నూఱేండ్లకు అరుగునది సుమారు 6 మిల్లీమీటర్లేయని శాస్త్రజ్ఞుల లెక్క. ఇంటిలోపలి కొయ్య సంగతి వేఱు. అచట వాన లేదు. వెలుతురు, గాలి, దీపపు పొగ, చేతి జిడ్డు, ఏటేట పట్టించు నూనె కలిసి దానిని క్రమముగా ముదురు గోధుమ వన్నెకు తెచ్చును. బయటి కొయ్యను అనుకరింపవలెనా, లోపలి కొయ్యను అనుకరింపవలెనా యని ముందుగా నిశ్చయించుకొననివాడు బీరువా పలకకు బండి నొగ రంగు తెచ్చి పెట్టును.

ఇక రసాయనము. దీనిని మన గృహిణులు ఎఱుగనిది కాదు. ఉసిరికాయను ఇనుప కత్తిపీటతో తరిగిన కత్తియు నల్లబడును, కాయయు నల్లబడును. కాయలోని వగరునకును ఇనుమునకును కలిగిన చెలిమియే ఆ నలుపు. వగరు పదార్థమును శాస్త్రమున టానిన్ అందురు. అది కరక్కాయలో విశేషముగా కలదు, తేయాకులో కలదు, తుమ్మ బెరడులోను తంగేడు బెరడులోను కలదు గనుకనే తోళ్ళు ఊనుటకు ఆ బెరడులను వాడిరి. చాల చెట్ల చేవలోను ఎంతో కొంత టానిన్ ఉండును. తడి తగిలిన తుమ్మకొయ్యలో మేకు చుట్టును నల్లని మచ్చ ఏర్పడుట చూడని వడ్రంగి ఉండడు. ఆ మచ్చను కొయ్య అంతటను సమముగా, మన యిచ్చవచ్చినంత ముదురుగా తెప్పించుటయే ఈ విద్య.

మన పూర్వులు దీనిని వస్త్రముపైనను కాగితముపైనను ఏనాడో సాధించిరి. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో దినములకొలది పులియబెట్టి కసిం అను ద్రవమును తయారుచేయుదురు. బట్టను ముందుగా కరక్కాయ కషాయము, గేదెపాలు కలిపిన దానిలో ముంచి ఆరవేయుదురు. ఆ బట్టపై కసిం ముంచిన కలము సోకినంతనే నల్లని గీత పడును. కరక్కాయ, అన్నభేది కలిపి చేసిన పాత సిరాలోని మర్మమును ఇదియే. అన్నభేది యనగా ఇనుప లవణమే గదా. బట్టకు చెల్లిన న్యాయము కొయ్యకును చెల్లును.

పనికి కావలసిన సరకు స్వల్పము. ఊరగాయలకు వాడు వినిగరు అర లీటరు. కమ్మరి ఆకురాతి క్రింద రాలిన ఇనుప రజను 10 గ్రాములు. రజను దొరకనిచో వడ్రంగులు వాడు ఇనుప పీచైనను సరియే. దానికి నూనె అంటియుండును గనుక సబ్బుతో కడిగి వేయవలెను. పాత్రలు తోము మెఱుగు పీచు పనికిరాదు. అది స్టెయిన్‌లెస్ స్టీలు. వినిగరులో వారము నానినను కరగదు. తెల్లని పూత గల మేకులును పనికిరావు. వానిపైనున్న జింకు ముందుగా కరగి ఆమ్లమును హరించివేయును. రజనును వినిగరులో వేసి గాజు సీసాలో రెండు మూడు దినము లుంచవలెను. సీసా మూత బిగింపరాదు. ఇనుము కరగునపుడు హైడ్రోజన్ వాయువు పుట్టును. మూత బిగించిన సీసా పగులును, దగ్గఱ దీపమున్న అంటుకొనును. కావున గాలి యాడు చోట, బట్ట కప్పి, పిల్లలకు అందకుండ ఉంచవలెను. అడుగున కొంచెము ఇనుము మిగిలి యుండుటయే మేలు. ఆమ్లము చాలవఱకు ఖర్చైనదనుటకు అది గుర్తు. పిదప దళసరి బట్టతో వడగట్టవలెను.

రెండవ ద్రవము వగరు కషాయము. అర లీటరు నీటిలో గింజ తీసిన కరక్కాయ పెచ్చుల పొడి 25 గ్రాములు రాత్రి నానబెట్టి ఉదయము మరిగించి వడగట్టవలెను. కరక్కాయ లేనిచో నాలుగైదు చెంచాల తేయాకు చాలును. ఇనుప మూకుడులో మాత్రము కాచరాదు; కాచినచో కొయ్యపై రావలసిన నలుపు మూకుడులోనే వచ్చును.

క్రొత్త పలకను చిత్రిక పట్టి, గరుకు కాగితముతో రుద్ది, తడిగుడ్డతో ఒకమారు తుడిచి ఆరనీయవలెను. తడికి నూగువలె లేచిన పోగులను మరల తేలికగా రుద్దవలెను. పిమ్మట కషాయము పూసి పూర్తిగా ఆరనిచ్చి, దానిపై ఇనుప నీటిని పూయవలెను. పూసినపుడు ఏమియు కనబడదు. తొందరపడువాడు అది చాలలేదనుకొని మఱి రెండు పూతలు దట్టించును. అరగంటకు పలక బొగ్గువలె నగును. ద్రవములోని ఇనుము గాలిలోని ప్రాణవాయువుతో కలిసిన తరువాతనే నలుపు తేలును గనుక ఓపిక పట్టవలెను. ముదురు తగ్గవలెనన్న ఇనుప నీటిలో రెండింతలో మూడింతలో మంచినీరు కలుపవలెను. కషాయము వేయక ఇనుప నీటిని మాత్రమే పూసినచో కొయ్యలో సహజముగా నున్న టానిన్‌ను బట్టి రంగు వచ్చును: తుమ్మ వంటి వగరుకొయ్య బాగుగా నల్లబడును; దేవదారు పెట్టెల పలక బూడిద వన్నెతో ఆగును. ఒకే పలకలో చేవ ఒక విధముగను, దాని చుట్టునుండు లేత భాగము మఱొక విధముగను రంగెక్కుటయు కలదు. అందువలన అసలు పలక జోలికి పోకముందు అదే కొయ్య తునుకపై పరీక్షింపవలెను. ఈ ఒక్క జాగ్రత్త పాటించినవానికి తక్కిన తప్పులు చాలవఱకు తప్పిపోవును.

ఆరిన పలక మొదట మసిబట్టినట్లు జీవము లేక కనబడును. అవిసె నూనె పట్టించినపుడు గాని లోపలి గోధుమ వన్నె వెలుపలికి రాదు. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలకు విసరుట ప్రమాదకరము. అవిసె నూనె ఆరునపుడు వేడి పుట్టును. ఉండలో ఆ వేడి పోవు దారి లేక గుడ్డ తనంతట తానే రగులుకొనవచ్చును. ఆ గుడ్డలను నీటిలో తడిపి గాని, విడివిడిగా ఆరుబయట పఱచి గాని ఉంచవలెను. కాగితములు నిండిన భవనమునకు ఈ హెచ్చరిక ఎంత ముఖ్యమో వేఱుగ చెప్పనక్కఱ లేదు.

వేఱు మార్గములును లేకపోలేదు. నూతులలో వేయు పర్మాంగనేటు రవ్వలను నీట కరగించి పూసిన, ఊదారంగు కొన్ని నిమిషములలో గోధుమ రంగుగా మాఱును. టానిన్ లేని కొయ్యకు ఇది అనుకూలము. కాని వెలుతురునకు ఆ రంగు కొంత వెలియును. పర్మాంగనేటును గ్లిజరినుతో ఎన్నడును కలుపరాదు, మంట లేచును. చాకలి సోడా నీరు, సున్నపు తేట వగరు గల కొయ్యను ఎఱ్ఱని గోధుమ వన్నెకు త్రిప్పును. అమెరికాలో గుస్టావ్ స్టిక్లీ అను సామానుల నిర్మాత ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఓకు సామానును మూసిన గదిలో పెట్టి అమోనియా ఆవిరితో నల్లబఱచెను. ఆ ఆవిరి కన్నులకు, ఊపిరితిత్తులకు హానికరము. ఇంటిలో చేయదగిన పని కాదు. బట్టల మరకలు తీయు బ్లీచింగు ద్రవమును వినిగరుతో గాని అమోనియాతో గాని కలిపిన విషవాయువులు వెలువడును. రంగు కుదరలేదని ఒకదానిపై నొకటి పోయువారికి ఇది తెలిసి యుండవలెను.

గ్రంథాలయమునకు సంబంధించినంతవఱకు మఱొక నియమము కలదు. అరల లోపలివైపున, పుస్తకము తగులు చోట, ఈ ఇనుప నీటిని పూయరాదు. కరక్కాయ అన్నభేది సిరాతో వ్రాసిన పాత దస్తావేజులలో అక్షరమున్న మేర కాగితము పొడుమై రాలుట చూచినవారికి కారణము చెప్పనక్కఱ లేదు. ఆ సిరాలోని ఆమ్లమును ఇనుమును కలిసి కాగితమును తినివేయును. ఇచటను అవే రెండును ఉన్నవి. వినిగరు ఆవిరి సైతము కాగితమునకు శత్రువే. కావున పని అంతయు బీరువా ఖాళీ చేసిన పిమ్మట జరుగవలెను. రంగు పైముఖమునకు మాత్రమే పూయవలెను. వాసన పూర్తిగా పోవువఱకు, ఎన్ని దినములైనను, తలుపులు తెఱచి యుంచి ఆ తరువాతనే పుస్తకములను చేర్పవలెను. తాళపత్రములున్న పెట్టెలకు ఈ ప్రయోగమే తగదు. అట్టివానికి క్రొత్త ముక్క క్రొత్తగానే కనబడిన నష్టము లేదు.

ఇంతవఱకు చెప్పినది అతుకు పని. ఇదే విద్యతో మోసమును చేయవచ్చును. పాత సింహద్వారములు, చెక్కడపు స్తంభములు, భోషాణములు నేడు పట్టణములలో మంచి ధర పలుకుచున్నవి. చెట్టినాటి భవనముల పాత కొయ్య సామాను అమ్ముటకు తమిళనాట కారైక్కుడిలో ఒక వీథియే ప్రసిద్ధి కెక్కినది. పాతదానికి ధర కలిగిన చోట పాతదిగా చేయువాడును పుట్టును. 1972వ సంవత్సరపు పురావస్తువుల చట్టము ప్రకారము నూఱేండ్లకు తక్కువ గాని కళావస్తువే పురావస్తువు; వ్రాతప్రతులకు ఆ గడువు డెబ్బదియైదేండ్లు. మూడు దినములు వినిగరులో నానిన ఇనుము ఆ నూఱేండ్లను తేజాలదు. అయినను కొనువాని కన్ను మోసపోవచ్చును గనుక కొన్ని గుర్తులు తెలిసి యుండుట మంచిది.

పూసిన రంగు అంతటను ఒకే తీరుగా ఉండును. కాలము అట్లు పూయదు. చేయి పట్టుచోట మెఱుగు, కాలు తగులుచోట అరుగుదల, మూలలలో జిడ్డు, వెనుకవైపు మొఱకుదనము ఉండవలెను. ఎవరును ముట్టని చోట అరుగుదలయు, ముట్టుచోట పదునైన అంచును కనబడిన అనుమానింపవలెను. పురుగు తొలిచిన రంధ్రము లోపల వంకరలు తిరుగును. మేకుతోనో బరమాతోనో చేసినది తిన్నగా పోయి ఆగును. సన్నని తీగ దూర్చి చూచిన తెలియును. గుండ్రని పాత బల్లను అడ్డముగను నిలువుగను కొలిచిన సమముగా రాదు. ఏండ్లు గడచిన కొలది పలక అడ్డముగా కుంచించుకొని పోవును గాని నిలువుగా పోదు. వెనుక పలకపై విల్లువలె వంగిన గాట్లున్న అది యంత్రపు గుండ్రని రంపపు కోత. తలపై కూడికగుర్తు గల మరమేకు 1930 తరువాతిది. అది తాతముత్తాతల నాటి భోషాణమున మొదటినుండియు ఉండుటకు వీలు లేదు. చివరకు చాటుగా నొక మూల ఉలితో గీచి చూచినచో రసాయనపు నలుపు పలుచని పొరగా తొలగి క్రింద క్రొత్త కొయ్య తెల్లగా బయటపడును.

ఆ తెలుపును దాచుటకు గాక చూచువారికి తెలియజేయుటకు ఒక పద్ధతి కలదు. పురాతన వస్తువులను బాగుచేయు నిపుణులు తాము మార్చిన ప్రతి భాగమును గుర్తించి వ్రాసి పెట్టుదురు. బీరువాకు అతికిన పలక వెనుకవైపున రంగు పూయక విడిచి, అచట మార్చిన సంవత్సరము, కొయ్య పేరు, పూసిన ద్రవములు, వడ్రంగి పేరు వ్రాయవలెను. సిరాతో గాక పెన్సిలుతో వ్రాయుట యుక్తము. పెన్సిలులోని నల్లసీసము ఆమ్లమునకు గాని ఇనుమునకు గాని చెక్కు చెదరదు.