జింకు పూసిన చట్రము

ల్యాండ్ రోవర్ అను బండిని మన ప్రాంతములలో చూచినవారు తక్కువ. జీపును ఎరుగనివారు లేరు. ఈ రెండింటికిని చుట్టరికము కలదు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప, ఇంగ్లండులోని రోవర్ కంపెనీ ఇంజనీరు మారిస్ విల్క్స్ తన పొలము పనులకు అమెరికా సైన్యము వదలిన జీపు నొకదానిని వాడుచుండెను. అటువంటి బండిని తామే ఏల చేయరాదను తలంపు ఆయనకు కలిగినది. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ మోటారు ప్రదర్శనలో ల్యాండ్ రోవర్ లోకమునకు కనిపించెను. ఆ వంశములో కడపటిదైన డిఫెండరు 2016 జనవరి 29న కర్మాగారము వెలువడినది. పాత బండ్లను నేటికిని ముద్దుగా పోషించుకొనువారు బ్రిటనులో వేలకొలదిగా ఉన్నారు. వారిని నిత్యము వేధించు శత్రువు త్రుప్పు.

యుద్ధానంతరము ఉక్కు కరవై యుండుటచేత, ఈ బండి పైభాగమును అల్యూమినియము మిశ్రమలోహముతో చేసిరి. దానికి ఎఱ్ఱని త్రుప్పు పట్టదు. కాని బరువంతయు మోయు చట్రము మాత్రము ఉక్కుది. నాలుగు ఉక్కు పలకలను అంచులు కలిపి అతికి, పొడవైన పెట్టెవలె చేసిన బోలు దూలములవి. పైకి బండి నిగనిగలాడుచునే యుండును. క్రింద దూలము లోలోపల నుండి తినబడుచుండును. ఇంటి పైకప్పు చెక్కుచెదరక నిలిచియుండగా వాసములను చెదలు తినుట వంటిది ఈ వ్యవహారము.

మొదట ప్రయోగార్థము చేసిన కొలది బండ్ల చట్రములకు జింకు పూత ఉండెను. తరువాత వరుసగా చేసినవానికి రంగుపూతయే దక్కినది. అందుచేత నేటి యజమానులు త్రుప్పుపట్టిన చట్రమును తీసివేసి, జింకు పూసిన కొత్త చట్రమును వేయించుకొనుచున్నారు. ఖర్చు ఎక్కువే. ఆ పని చేయించిన పిదప చాలమంది ఇక తమకు చింత లేదని నిశ్చింతగా నుందురు. ఈ నమ్మకమును గూర్చియే మేము ప్రధానముగా ముచ్చటింపదలచినది.

గాల్వనైజింగు అనగా నేమి? ఉక్కును జిడ్డు పోవునట్లు కడిగి, ఆమ్లములో ముంచి, సుమారు 450 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కరగియున్న జింకులో ముంచి తీయుదురు. జింకు ఉక్కుపై అంటుకొనుట మాత్రమే కాదు, దానితో కలిసి మిశ్రమపు పొరలుగా ఏర్పడును. పైన శుద్ధమైన జింకు నిలుచును. బోలు దూలములలో గాలియు తడియు చిక్కుకొన్నచో, మరిగిన ఆవిరి బాంబువలె పేలును. కావున చట్రమునకు తగినన్ని రంధ్రములు పెట్టుదురు. ఆ రంధ్రములను శ్రోతలు మనసున ఉంచుకొందురు గాక. వానితో మనకు మరల పని కలదు.

జింకు రక్షించు తీరు విచిత్రమైనది. రంగు వలె అది కేవలము అడ్డుగా నిలుచుట లేదు. గీత పడి ఉక్కు బయటపడినను, ప్రక్కనున్న జింకు తాను ముందు క్షయించి ఉక్కును కాపాడును. ఇది ఆత్మార్పణము. అర్పణము గనుకనే అది తరిగిపోవును. ఇట్టి చట్రములపై పూత మందము సాధారణముగా 55 మొదలు 70 మైక్రానులు, అనగా ఇంచుమించు ఒక తలవెండ్రుక మందము. ఉప్పు తగులని పల్లెగాలిలో ఇది ఏటికి ఒక మైక్రానుకు మించి తరుగకపోవచ్చును. తీవ్రమైన సముద్రపు గాలిలోనో ఏటికి 4 మొదలు 8 మైక్రానులు పోవును. మచిలీపట్నములోను కాకినాడలోను రేకుల కప్పులుగల ఇండ్లవారికి ఈ సంగతి ఎవరును చెప్పనక్కరలేదు.

బ్రిటనుకు సముద్రముతో పాటు మరియొక బాధ కలదు. శీతకాలమున మంచు గడ్డకట్టకుండుటకై రోడ్లపై ఉప్పు చల్లుదురు. కొత్త జింకు గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి, కొన్ని మాసములలో బూడిదరంగు పొరను కప్పుకొనును. ఆ పొరయే దానికి రక్ష. ఉప్పునీరు ఆ పొరను కుదురుకొననీయదు. పైగా పొలములలో తిరిగిన బండి దూలములలోనికి బురద చేరి, ఉప్పును తడిని పట్టుకొని మాసములతరబడి పిండికట్టువలె అంటియుండును. ఎండలో నిలిపినను లోపల ఆరదు.

కావున చేయవలసినది కష్టమైన పని కాదు, విసుగైన పని. ఉప్పుదారిలో తిరిగిన వెంటనే మంచినీటితో అడుగుభాగమును కడుగవలెను. ఇందాక చెప్పిన రంధ్రములలోనికి రబ్బరు గొట్టము దూర్చి, బయటికి తేటనీరు వచ్చునంతవరకు లోపల కడుగవలెను. పూర్తిగా ఆరిన పిదప, పలుచని మైనపు ద్రవమును లోపల చిమ్ముట మంచిది. అయితే క్రిందనున్న రంధ్రములు ఆ మైనముతోనే పూడిపోకుండ చూచుకొనవలెను. నీరు పోవు దారిని మూసి పైన మందు పూయుట, మందు వేయకుండుటకన్న హీనము.

పైకి రంగు వేయదలచువారికి ఒక హెచ్చరిక. నిగారింపు గల కొత్త జింకుపై మామూలు నూనెరంగు నిలువదు. జింకుతో కలిసి సబ్బువంటి పదార్థముగా మారి పెచ్చులూడును. తగిన ఆమ్లద్రావణముతో ఉపరితలమును సిద్ధపరచిన తరువాతనే, జింకునకు పనికివచ్చు రంగు వేయవలెను. కొత్త చట్రములను తడిగా, గాలి ఆడకుండ పేర్చి ఉంచినచో తెల్లని పొడి పట్టును. కొంచెమైనచో బ్రష్షుతో రుద్ది ఆరనిచ్చిన చాలును.

రంధ్రము తొలిచినచోటను, అతుకు వేసినచోటను జింకు నశించును. అక్కడ జింకుపొడి దండిగా కల రంగును పూయవలెను. అతుకునకు ముందు చుట్టునున్న జింకును ఆకురాయితో తీసివేయుట తప్పనిసరి. జింకు 907 డిగ్రీల వద్ద ఆవిరియగును. ఉదయపురము సమీపమునగల జావర్ కొలుములలో మన పూర్వులు శతాబ్దముల క్రిందట ఈ గుణము నెరిగియే, ఆవిరిని పట్టి చల్లార్చి యశదమును తీసిరి. ఆ విద్యకు ఆధారమైన ఆవిరియే పీల్చినవానికి కొన్ని గంటలలో చలిజ్వరము తెచ్చును.

చట్రమునకు జింకు ఉన్నంత మాత్రమున బండియంతయు భద్రము కాదు. డ్రైవరు ముందుండు అడ్డుగోడ ఉక్కుదే. దాని కాళ్లు త్రుప్పుపట్టినచో క్రింది చట్రమేమి చేయగలదు? బ్రిటనులో 2018 మే నుండి, నలువది ఏండ్లు దాటి పెద్ద మార్పులు చేయని బండ్లకు ఏటేట జరుపు తనిఖీ తప్పనిసరి కాదు. ఈ వెసులుబాటు మాకు అంతగా రుచింపదు. తనిఖీదారు చూడనిదానిని యజమానియే చూడవలసియున్నది. సంవత్సరమున కొకమారైనను చిన్న సుత్తి చేతబట్టి బండి క్రింద దూరి, వెనుకటి అడ్డదూలమును, అడ్డుగోడను మోయు కొమ్ములను, స్ప్రింగులు తగిలించు కొక్కెములను మెల్లగా తట్టి చూడవలెను. గట్టి ఉక్కు ఖంగుమనును; తినబడిన ఉక్కు మొద్దుగా పలుకును. అట్లు పలికినచోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, బాగుచేయించు వరకు ఆ బండిని రోడ్డు మీదికి తీయరాదు.