శ్వాసకు వలసిన వైశాల్యము



1959 ఫిబ్రవరి 4వ తేదీన నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు భిలాయి ఉక్కు కర్మాగారపు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన నాటినుండి గాలిని కాచి ఫర్నేసులోనికి ఊదుటయే వృత్తిగా గల మీ యెదుట గాలిని గూర్చి ప్రసంగించుట సాహసమే. ఫర్నేసు ప్రక్కనున్న స్టౌలలో చిల్లుల యిటుకలను అంతెత్తున పేర్చుట యెందులకో మీరెఱుగుదురు: ఇటుకలోని వేడి గాలికి సంక్రమించుటకు ఉపరితలము తప్ప వేఱు త్రోవ లేదు. ఊపిరితిత్తుల నిర్మాణమునకును కారణ మిదియే.

ఊపిరితిత్తులే ప్రాణవాయువును బలవంతముగా రక్తములోనికి నెట్టునని ఇరువదవ శతాబ్ది తొలినాళ్ల వఱకును ఉద్దండులే వాదించిరి. 1910లో కోపెన్‌హాగెనున శరీరశాస్త్రజ్ఞుడగు ఆగస్ట్ క్రోగ్, తన గురువైన క్రిస్టియన్ బోర్ మతమును కాదని, అది కేవలము వ్యాపనమనియు, వాయువు అధికముగా నున్నచోటినుండి అల్పముగా నున్నచోటికి తనంత తానే పోవుననియు నిరూపించెను. గురువును ఖండించుట డెన్మార్కులోనైనను సులభము కాదు గదా! నెట్టు యంత్రము లేనప్పుడు దేహము చేయగలిగినవి రెండే: గోడను పలుచన చేయుట, వైశాల్యమును పెంచుట.

నాలుగు లీటర్ల గాలి పట్టు గుండ్రని సంచి యొక్కటియే మన ఛాతిలో ఉండినచో, దాని లోపలితలము చదరపు మీటరులో ఎనిమిదవ వంతైనను ఉండదు. అట్లుగాక, శ్వాసనాళము సుమారు ఇరువదిమూడు మాఱులు చీలి, మిల్లీమీటరులో నాలుగవ వంతు వ్యాసము గల ముప్పదికోట్లకు పైబడిన వాయుగోణులలో ముగియుటచే, అంత చోటులోనే దాదాపు 70 చదరపు మీటర్ల తలము ఇమిడినది. దేహమంతటి చర్మము సాధారణముగా రెండు చదరపు మీటర్లకు మించదు. గోడ మందము మిల్లీమీటరులో రెండువేలవ వంతు. రక్తకణము అచ్చట నిలుచునది ముప్పాతిక సెకను. విశ్రాంతిలో నిమిషమునకు 250 మిల్లీలీటర్ల ప్రాణవాయువు చాలును గాని, కఠినశ్రమలో అంతకు పదిరెట్లు వలయును. ఈ విస్తీర్ణమంతయు ఆ ఘడియకొఱకే.

చిక్కును ఇందులోనే యున్నది. సిలికా యిటుకలను కోయునపుడు లేచు ధూళిలో అయిదు మైక్రాన్లకు లోపడిన రేణువులు వాయుగోణుల దాక పోయి మచ్చలు కట్టించును. బీడీపొగ గోడలనే తెంచి, చిన్న గోణులను కలిపి పెద్ద గుల్లలుగా చేయును. అప్పుడు ఛాతి ఉబ్బియే యుండును గాని, వైశాల్యము హరించును. నిలువ పుష్కలముగా నున్నందున కూర్చున్నవానికి ఈ నష్టము తెలియదు. మెట్లెక్కునాటికి చాల భాగము పోయియుండును.

ఈ నష్టమును ముందుగా పసిగట్టు ఉపాయమునకు 1915లో త్రోవ చూపినది వైద్యురాలును, ఆగస్ట్ సతీమణియునగు మేరీ క్రోగ్. ఆమె యెన్నుకొన్న వాయువు, ఫర్నేసు గ్యాసులో నాలుగవ వంతుకు చేరువగా నుండి మిమ్ము హడలెత్తించు కార్బన్ మోనాక్సైడే! నేడు దానిని 0.3 శాతము మాత్రమే కలిపిన గాలిని ఒకమాఱు పీల్పించి, పది సెకన్లు బిగబట్టించి విడిపించి, రక్తములోనికి ఎంత పోయినదో లెక్కించి, పనిచేయు తలము ఎంత మిగిలినదో వైద్యులు అంచనా కట్టుచున్నారు.