అతిథిగా ఉండడమూ నేర్చుకుందాం



ఇంటికి వచ్చినవారిని ఆదరించడం మనకు ఒకరు కొత్తగా నేర్పనక్కర్లేదు. గుమ్మంలో అడుగుపెట్టినవారికి మంచినీళ్ళివ్వడం, "భోంచేసి వెళ్ళండి" అనడం పుట్టింట్లోనే మనకు అబ్బిన విద్య. అయితే మరో రకం ఆతిథ్యం ఉంది. అందులో పిండివంటలుండవు. కబుర్లుండవు. "అబ్బాయికి ఉద్యోగమెక్కడ? అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారా?" అనే ఆరాలసలే ఉండవు. ధ్యానం కోసమో, కాస్త మనశ్శాంతి కోసమో నాలుగు రోజులు వచ్చి ఉండేవారికి ఆశ్రమాలవారు ఇచ్చే ఆతిథ్యమది. పడమటి దేశాలలో అలాంటి చోటును రిట్రీట్ సెంటర్ అంటారు. అమెరికాలో పిల్లల దగ్గర కొన్నాళ్ళు ఉండివచ్చిన తల్లులలో కొందరు ఇలాంటివి చూసే ఉంటారు. చుట్టూ పూలతోట, తోటలో ఒక పక్కగా రాళ్ళు పేర్చి చేసిన చుట్లు చుట్ల నడకదారి. ఆ దారిని లాబిరింత్ అంటారు. ఈ వేళ ఆ ఆతిథ్యం గురించీ, ఆ దారి గురించీ మీతో ముచ్చటించాలని.

అక్కడివారికి ఈ ఆతిథ్యం నిన్నమొన్నటిది కాదు. ఇటలీలో బెనెడిక్ట్ అనే సాధువు 530 ప్రాంతంలో తన మఠంవారి కోసం ఒక నియమావళి రాశాడు. అందులో 53వ అధ్యాయం అతిథుల గురించే. వచ్చిన ప్రతివారినీ సాక్షాత్తు క్రీస్తే వచ్చాడనుకుని ఆదరించాలన్నాడు. అందులోనూ పేదవారినీ, యాత్రికులనూ మరింత శ్రద్ధగా చూడమన్నాడు. అతిథిని దేవుడిగా చూడడం మనమూ ఎరిగినదే కదా! 66వ అధ్యాయంలో ద్వారం సంగతి చెప్పాడు. వివేకం గల ఒక వృద్ధుణ్ణి అక్కడ ఉంచాలి, అతని గది ద్వారం పక్కనే ఉండాలి, ఎవరు తలుపు తట్టినా వెంటనే బదులు పలకాలి.

మనం ముఖ్యంగా గమనించవలసినది వంటింటి ముచ్చట. అతిథులు వేళాపాళా లేకుండా వస్తారు కాబట్టి వారికోసం వంటశాల వేరుగా ఉండాలనీ, పని బాగా తెలిసిన ఇద్దరిని ఏడాదిపాటు దానికి నియమించాలనీ రాశాడు. అవసరమైనప్పుడు వారికి తోడు మనుషులను కూడా ఇవ్వాలన్నాడు. ఎందుకంటే, సణుగుడు లేకుండా సేవ చెయ్యడానికట! పదిహేను వందల ఏళ్ళ కిందట ఒక సన్యాసికి తోచిన ఈ మాట మన ఇళ్ళల్లో ఎందరికి తోస్తోంది చెప్పండి? పండక్కి పదిమంది చుట్టాలొస్తే పొయ్యి దగ్గర ఒక్కతే నిలబడిన ఇల్లాలి మొహాన నవ్వు ఎక్కణ్ణించి వస్తుంది?

మన దగ్గరి ఉదాహరణ తిరువణ్ణామలైలోని రమణాశ్రమం. రమణ మహర్షి అరుణాచలం కొండమీద ఉన్న తొలి రోజుల్లో అక్కడ వంటిల్లంటూ లేదు. భిక్షగా వచ్చినదే అందరూ పంచుకునేవారు. 1916లో ఆయన తల్లి అళగమ్మగారు వచ్చి కొడుకు దగ్గరే ఉండిపోయారు. అక్కడ వంట మొదలుపెట్టినది ఆవిడే. 1922లో ఆవిడ పోయాక కొండ దిగువన సమాధి చేశారు. ఆ సమాధి చుట్టూనే నేటి ఆశ్రమం పెరిగింది. తరువాతి కాలంలో మహర్షి తెల్లవారుజామునే వంటశాలకు వచ్చి తానూ కూరలు తరిగేవారు. పంక్తిలో అందరికీ వడ్డించినదే తానూ తినేవారు. సూరి నాగమ్మగారు 1945 నుంచి తన సోదరునికి తెలుగులో రాసిన 'శ్రీ రమణాశ్రమ లేఖలు' చదివినవారికి ఆ ఆశ్రమ జీవితం కళ్ళకు కట్టే ఉంటుంది.

ఇక, రిట్రీట్ సెంటరుకు ఒకావిడ అతిథిగా వచ్చిందనుకుందాం. ముందే ఉత్తరం రాసో, ఫోను చేసో తన రాక తెలియజేసి ఉంటుంది. గుమ్మం దగ్గర ఒకరు ఎదురొచ్చి గది చూపిస్తారు. మంచం, బల్ల, దీపం, ఉతికిన తువ్వాలు, అంతే. భోజనం వేళ ఎప్పుడు, గంట ఎప్పుడు మోగుతుంది, మౌనం పాటించే వేళలేవి, ఈ మూడూ చెప్పి వెళ్ళిపోతారు. ఎందుకొచ్చారని అడగరు. ఆవిడ ఏడ్చినా అడగరు, పడుకున్నా లేపరు. అడగకపోవడం నిర్లక్ష్యం కాదమ్మా. చెప్పాలనిపిస్తే వినడానికి మనిషి ఉన్నారు. అనిపించకపోతే ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. మర్యాదలో అదొక మెట్టు.

తోటలోనూ అంతే. బెంచీలుంటాయి, నీడ ఉంటుంది. పూలు కోయకూడదు. సెల్‌ఫోను గదిలోనే ఉంచి రమ్మంటారు.

ఆ తోటలోని లాబిరింత్‌ను చూడగానే మనకు పద్మవ్యూహం గుర్తుకొస్తుంది. రావడంలో వింత లేదు. కర్ణాటకలోని హళేబీడులో, 12వ శతాబ్దపు హొయ్సళేశ్వరాలయం గోడమీద, అభిమన్యుడు జొరబడిన వ్యూహాన్ని ఇలాంటి చుట్లతోనే చెక్కారు. కానీ తేడా ఒకటుంది. అభిమన్యుడికి లోపలికి పోవడమే తెలుసు, బయటికి రావడం తెలియదు. తోటలోని ఈ దారిలో ఆ భయం లేదు. ఉన్నది ఒకటే దారి. అడ్డదారులు లేవు, మూసుకుపోయే మలుపులు లేవు. నడుస్తూ పోతే మధ్యకు చేరతారు. తిరిగి అదే దారిన బయటికొస్తారు.

వీటిలో పేరుమోసినది ఫ్రాన్సులో షార్ట్ర్ నగరపు పెద్ద చర్చిలో ఉంది. 13వ శతాబ్దం తొలినాళ్ళలో నేలమీద రాళ్ళతో పరిచారు. అడ్డుకొలత దాదాపు 13 మీటర్లే. అయినా 11 చుట్లు తిరిగి మధ్యకు చేరడానికి 260 మీటర్లకు పైగా నడవాలి. మధ్యలో ఉన్నది ఆరు రేకుల పువ్వు! 1990లలో లారెన్ ఆర్ట్రెస్ అనే మహిళా మతగురువు శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్రేస్ కెథీడ్రల్లో ఆ నమూనాను నడకకు పెట్టారు. ఆ తరువాత ఎన్నో తోటల్లోకీ, ఆస్పత్రుల ఆవరణల్లోకీ ఈ దారులు వచ్చాయి.

నడవడానికి పెద్ద నియమాలేమీ లేవు. మొదట్లో ఒక్క క్షణం ఆగండి. మీ నడక మీది. ముందువారు నెమ్మదిగా పోతుంటే పక్కనుంచి దాటవచ్చు. ఎదురొచ్చేవారికి కాస్త తప్పుకుని దారివ్వండి. మధ్యకు చేరాక కాసేపు నిలబడినా, కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. గర్భగుడి చుట్టూ ప్రదక్షిణం చేసే మనకు ఇది చప్పున అర్థమవుతుంది. చిత్రమేమిటంటే, మధ్యకు వచ్చేశామనుకున్నప్పుడు దారి మనల్ని బయటి అంచుకు తీసుకుపోతుంది. దూరమైపోయామనుకున్నప్పుడు దగ్గరకు చేరుస్తుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటారా? ఇలాంటి చోటికి వెళ్ళినా మనలో చాలామందిమి అతిథిగా ఉండలేం. భోజనం కాగానే పక్కవారి కంచం కూడా తీయబోతాం. "ఇంట్లో పాలు కాచారో లేదో" అని మనసు పీకుతుంది. వడ్డించడం తెలిసిన చేతులకు వడ్డించుకోనివ్వడం తెలియదు. మన తల్లులు ఒక్కపూటైనా అతిథిలా కూర్చోకుండానే వెళ్ళిపోయారు. ఏడాదికి రెండు రోజులు మనం లేకపోతే ఇల్లు కూలిపోదు. కూలుతుందనుకుంటే ఆ ఇంటికి తోడు మనుషులు కావాలన్నమాట. బెనెడిక్ట్ చెప్పిందీ అదేగా!

అందరికీ ప్రయాణం కుదరకపోవచ్చు. ముగ్గు వేయగల చేతులకు ఏడు చుట్ల లాబిరింత్ కష్టం కాదు. ముందు కాగితంమీద ప్రయత్నించండి. ఒక కూడిక గుర్తు గీయండి. దాని నాలుగు గదుల్లో ఒక్కొక్క మూలమట్టం ఆకారం, మొన లోపలివైపు ఉండేలా వేయండి. బయటి నాలుగు మూలల్లో నాలుగు చుక్కలు పెట్టండి. కూడిక గుర్తు పై కొసను కుడిపక్క కొసతో వంపుగా కలపండి. తరువాత ఎడమవైపు మొదటి కొసను, కుడివైపు మిగిలినవాటిలో మొదటిదానితో పైనుంచి చుట్టి కలపండి. ఇలాగే ఎడమనొకటి, కుడినొకటి కలుపుతూ, చివరి వంపును కూడిక గుర్తు కింది కొసకు చేర్చండి. ఎనిమిది వంపులతో ముగ్గు పూర్తవుతుంది. దారి అడుగు వెడల్పుండాలంటే మేడమీద సుమారు 16 అడుగుల చోటు చాలు.

ఈసారి అమ్మాయో, చెల్లెలో అలసిన మొహంతో మీ గుమ్మంలోకి వస్తే, వెంటనే ప్రశ్నలు వేయకండి. పక్క వేసి, తలుపు దగ్గరగా వేసి, ఆ ఒక్కరోజు ఊరుకోండి. మరుసటి వారం మీకూ అలాంటి రోజు ఒకటి కావాలని ఇంట్లో నోరు తెరిచి అడగండి.